పెళ్లికి ముందు ఫైమోసిస్ ఆపరేషన్: లేజరా, స్టేప్లరా అని అడిగే ముందు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మీకు 29 ఏళ్లు, ఊరు పరకాల దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. అంగం ముందు తోలు చిన్నప్పటి నుంచీ సగం వరకే వెనక్కి వచ్చేది. ఏడాదిగా అది కూడా రావడం లేదు. అంచున తెల్లగా, గట్టిగా ఒక వలయం ఏర్పడింది. అప్పుడప్పుడు పగిలి మంట పుడుతోంది. మూత్రం పోసేటప్పుడు తోలు బుడగలా ఉబ్బుతోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఆయింట్‌మెంట్‌తో కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలైంది. మీ నాన్నగారికి షుగర్ ఉంది. హైదరాబాద్‌లో ఒక లేజర్ సెంటర్‌కి వెళ్తే ఐదు నిమిషాలు చూసి రేపే అడ్మిట్ కమ్మన్నారు. స్నేహితుడేమో స్టేప్లర్ చేయించుకోమన్నాడు. పెళ్లి రెండున్నర నెలల్లో ఉంది. ఏ పద్ధతి మంచిది, అప్పటికి మానుతుందా, స్పర్శ తగ్గుతుందా, ఇంట్లో ఏం చెప్పాలి అని అడిగారు.

నేను హనుమకొండలో సర్జన్‌ని. ఇలా తోలు బిగుసుకుపోయే సమస్యతో, అంటే ఫైమోసిస్‌తో వచ్చేవాళ్లను చాలా ఏళ్లుగా చూస్తున్నాను. దాదాపు అందరూ మీలాగే మెషీన్ పేరుతో మొదలుపెడతారు. తోలు ఎందుకు బిగుసుకుందో ముందు తేల్చుకుంటే ఏ ఆపరేషన్, ఎప్పుడు, అసలు అవసరమా అన్నవాటికి జవాబు అక్కడే దొరుకుతుంది. మెషీన్ సంగతి ఆ తర్వాత.

పుట్టినప్పుడు మగపిల్లల్లో దాదాపు అందరికీ ముందు తోలు లోపలి భాగానికి అతుక్కునే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ దానంతట అదే విడిపోతుంది. పదిహేడేళ్లు వచ్చేసరికి వందలో ఒకరికో ఇద్దరికో మాత్రమే బిగుతు మిగులుతుంది. అలా మిగిలిన తోలు చాలామందిలో మెత్తగా, మామూలు రంగులోనే ఉంటుంది. కొంచెం ఇరుకు, అంతే. అలాంటివాళ్లకు నేను వెంటనే కత్తి పట్టను. బీటామెథసోన్ 0.05 శాతం క్రీమ్‌ను రోజుకు రెండుసార్లు, సరిగ్గా ఆ ఇరుకు వలయం మీదే పలచగా రాసి, నొప్పి రానంతవరకు మెల్లగా వెనక్కి లాగుతూ నాలుగు నుంచి ఎనిమిది వారాలు చేస్తే చాలామందికి వదులవుతుంది. కుర్రాళ్లలో ఇది బాగా పనిచేస్తుంది. పాతికేళ్లు దాటినవాళ్లలో కాస్త తక్కువే అయినా, మచ్చ కట్టని తోలు అయితే ప్రయత్నించి చూడటంలో నష్టం లేదు. దీన్ని చదివే ఇంకెవరికైనా తోలు మెత్తగా ఉండి ఇరుకు మాత్రమే ఉంటే, ఆపరేషన్‌కి పరుగెత్తకుండా ముందు ఈ దారి గురించి డాక్టర్‌ని అడగండి.

మీ సంగతి వేరేలా అనిపిస్తోంది. సగం వరకు వచ్చే తోలు ఏడాదిలో పూర్తిగా బిగుసుకుపోవడం, అంచు తెల్లబడి గట్టిపడటం, పగుళ్లు... ఇవన్నీ కలిస్తే నేను మొదట అనుమానించేది లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి. అంగం మీద వచ్చినప్పుడు దీన్నే పాత పేరుతో బీఎక్స్‌ఓ అని కూడా అంటారు. ఇది అంటువ్యాధి కాదు, సుఖవ్యాధి అంతకన్నా కాదు. ఎవరి నుంచీ మీకు రాలేదు, మీ నుంచి మీ భార్యకు పోదు. చర్మం మెల్లమెల్లగా తెల్లబడి, సాగే గుణం పోయి, మచ్చలా గట్టిపడుతుంది. వదిలేస్తే తోలుతో ఆగకుండా మూత్ర రంధ్రానికి, కొందరిలో మూత్రనాళం లోపలికి కూడా పాకుతుంది. అప్పుడు ధార సన్నబడుతుంది, ఆ వైద్యం దీనికంటే చాలా పెద్దది. చాలా ఏళ్లు నిర్లక్ష్యం చేసినవాళ్లలో కొద్దిమందికి అదే చోట క్యాన్సర్ రావచ్చు. మీ వయసులో ఆ భయం పెట్టుకోవాల్సిన పని లేదు. వైద్యాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయకుండా ఉండటానికి మాత్రం ఆ ఒక్క కారణం చాలు.

మీ ఆర్‌ఎంపీ ఇచ్చింది బహుశా మెడికల్ షాపుల్లో అడగ్గానే ఇచ్చే, మూడు నాలుగు మందులు కలిపిన ఆయింట్‌మెంట్ అయివుంటుంది. అందులో గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. రాసినన్నాళ్లు ఎరుపు, దురద తగ్గుతాయి కాబట్టి పనిచేసినట్టే ఉంటుంది. ఆపగానే తిరగబెడుతుంది. ఈలోపు అసలు జబ్బు ఏమిటో ఎవరూ చూడరు, ఏడాది గడిచిపోతుంది. లైకెన్‌కి కూడా స్టెరాయిడే వాడతాం, క్లోబెటసాల్ లాంటిది, కానీ చూసి, గడువు పెట్టి, మళ్లీ పిలిచి చూసుకుంటూ వాడతాం. గట్టిగా మచ్చ కట్టి, మూత్రానికే అడ్డం పడే దశకు వచ్చాక క్రీమ్‌తో వదులవడం అరుదు.

ఇంకో అనుమానం షుగర్. నాన్నగారికి ఉంది కాబట్టి మీరు 29 ఏళ్లకే ఈ పరీక్ష చేయించుకోవాలి. మూత్రంలో చక్కెర పోతుంటే ఆ తడి, ఆ వెచ్చదనంలో ఫంగస్ పెరుగుతుంది, తోలు అంచు పగులుతుంది, మానుతుంది, మళ్లీ పగులుతుంది. అలా మానిన ప్రతిసారీ వలయం ఇంకొంచెం బిగుస్తుంది. తమకు షుగర్ ఉందని ఈ సమస్యతో వచ్చినప్పుడే తెలిసినవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు. నలభై దాటాక కొత్తగా తోలు బిగుసుకుంటే నేను ముందు చూసేది రక్తంలో చక్కెరే. షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు ఒక మాట: ఇవి చక్కెరను మూత్రం ద్వారానే బయటికి పంపుతాయి, అందుకే అక్కడ ఫంగస్ ఎక్కువ వస్తుంది. గుండెకి, కిడ్నీకి మేలు చేసే మంచి మందులవి, సొంతంగా ఆపకండి. మాత్ర రాసిన డాక్టర్‌కి ఈ ఇబ్బంది చెప్పండి. సిగ్గుపడి చెప్పకపోవడం వల్లే ఆయనకు తెలియట్లేదు.

ఇప్పుడు ఆపరేషన్. తోలు మెత్తగా ఉండి, ఒక్కచోటే ఇరుకు ఉంటే, తోలు తీసేయకుండా ఆ ఇరుకును నిలువుగా కోసి అడ్డంగా కుట్టి వెడల్పు చేసే పద్ధతి ఒకటుంది, ప్రిప్యూసియోప్లాస్టీ అంటారు. కొందరిలో అసలు ఇరుకే ఉండదు, అడుగున ఉండే సన్నటి తీగ పొట్టిగా ఉంటుంది. మొదటి కలయికలో అది తెగి రక్తం వచ్చి హడలిపోయి అర్ధరాత్రి దవాఖానకు వచ్చేవాళ్లున్నారు. వాళ్లకు ఆ తీగ ఒక్కటి సరిచేస్తే చాలు. మీకు నిజంగా లైకెనే అయితే ఈ రెండూ పనికిరావు. జబ్బున్న తోలును అక్కడే ఉంచి కుడితే అది మళ్లీ బిగుస్తుంది. మీకు సరైనది పూర్తి సర్కమ్‌సిషన్, అంటే సున్తీ. లైకెన్ ఉన్నవాళ్లలో చాలామందికి తోలు తీసేశాక జబ్బు అక్కడితో ఆగిపోతుంది. అందుకే మీలాంటివాళ్లకు నేను ఈ ఆపరేషన్ తడబడకుండా చెబుతాను.

లేజర్ గురించి. వరంగల్ చౌరస్తా నుంచి పట్నం మెట్రో పిల్లర్ల దాకా పైల్స్, ఫిస్టులా, ఫైమోసిస్ అంటూ లేజర్ బోర్డులే కనపడతాయి. లేజర్ చేసేది కోత. మేం కత్తితో చేసే కోతనే అది వేడితో చేస్తుంది. తోలు కోశాక రెండు అంచులను కలపాలి, దానికి కుట్లు గానీ జిగురు గానీ కావాల్సిందే. "కోత లేదు, నొప్పి లేదు, రక్తం లేదు, మర్నాడే ఆఫీసు" అన్న మాటల్లో కోత లేదన్నది అబద్ధం, నొప్పి లేదన్నది మొదటి నాలుగైదు గంటల వరకే, మత్తు పోయేదాకా. మంచి సర్జన్ చేతిలో లేజర్‌తో కూడా ఆపరేషన్ బాగానే జరుగుతుంది. కత్తితో కూడా అంతే బాగా జరుగుతుంది. తేడా బిల్లులో కనపడుతుంది. రక్తం ఆపడానికి కరెంటు వాడేటప్పుడు మాత్రం అంగం మీద బైపోలార్ రకమే వాడాలి. మోనోపోలార్ అనే రెండో రకంలో కరెంటు అంగం మొదలు గుండా ఒంట్లోకి పోతుంది, ఆ సన్నటి దారిలో వేడి పుట్టి రక్తనాళాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. బైపోలార్ వాడతారా అని అడగండి, ఏ సర్జన్ అయినా చెప్తారు.

స్టేప్లర్ నిజంగానే పనికొచ్చే వస్తువు. గంట ఆకారంలో ఉన్న ఒక ముక్కను తోలు లోపలికి పెట్టి, బయట నుంచి గన్ బిగించి నొక్కితే, గుండ్రంగా కోత, దాని చుట్టూ సన్నటి పిన్నులు ఒకేసారి పడతాయి. పది నిమిషాల్లో అయిపోతుంది, రక్తం తక్కువ, గీత చూడ్డానికి నీట్‌గా వస్తుంది. పిన్నులు రెండు నుంచి నాలుగు వారాల్లో రాలిపోతాయి. ఒకటి రెండు ఇరుక్కుంటే తీయించుకోవాలి. ఆ గన్ ఒక్కరికే వాడి పారేసేది, అందుకే ఖర్చు ఎక్కువ. మీ విషయంలో చిక్కు ఒకటే: తోలు అంచు అంత గట్టిగా మూసుకుపోయి ఉంటే ఆ గంట లోపలికి పట్టదు. ముందు పైభాగాన నిలువుగా కోసి తెరవాలి, లోపల అతుక్కున్నది విడదీయాలి, తర్వాతే గన్. మచ్చ ఎక్కడిదాకా ఉందో కళ్లతో చూస్తూ సరిగ్గా అంతవరకే తీయడం చేతి ఆపరేషన్‌లో తేలిక. మీరు నా ఎదురుగా కూర్చుని ఉంటే చేతితోనే చేస్తానని చెప్పేవాణ్ని.

చేతితో చేసినా అరగంట నుంచి ముప్పావుగంట పని. మత్తు రెండు రకాలు: అంగం మొదట్లో సూది వేసి ఆ భాగం వరకే తిమ్మిరెక్కించడం, లేదా వెన్నులో సూది. మొదటిదైతే ఆ సాయంత్రమే ఇంటికి పోవచ్చు. సూది గుచ్చిన ఒకటి రెండు నిమిషాలు మంట ఉంటుంది, తర్వాత తెలియదు. లోపల బాగా అతుక్కున్నవాళ్లకు, బాగా భయపడేవాళ్లకు వెన్ను సూదే మేలు, వాళ్లు ఆరు గంటలు ఏమీ తినకుండా రావాలి. వాడే కుట్లు కరిగిపోయేవే, రెండు మూడు వారాల్లో రాలిపోతాయి. ముందు చేసే పరీక్షలు రక్తం, షుగర్, రక్తం గడ్డకట్టే సమయం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ. హెచ్‌ఐవీ పేరు చూసి కంగారు పడొద్దు, ఏ ఆపరేషన్‌కైనా ఇవి అడుగుతారు. రక్తం పలచబడే మాత్రలేవైనా వాడుతుంటే ముందే చెప్పాలి.

మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నది స్పర్శ గురించి. తోలు తీయగానే అంగం చివర ఉండే గుండు భాగం బట్టకు రాసుకుని, రెండు మూడు వారాలు అతిగా సున్నితంగా ఉంటుంది. కొంచెం వాజిలిన్ రాస్తే ఇబ్బంది తగ్గుతుంది. తర్వాత మామూలవుతుంది. హెచ్‌ఐవీ నివారణ కోసం కెన్యా, ఉగాండాల్లో వేల మంది పెద్దవాళ్లకు సున్తీ చేసి, చేయనివాళ్లతో పోల్చి చూశారు. లైంగిక శక్తి గానీ తృప్తి గానీ తగ్గినట్టు వాటిలో తేలలేదు. వాళ్లు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. మీకైతే ఇప్పుడు గట్టిపడిన తోలుతోనే నొప్పి, పగుళ్లు. అది పోవడమే మీకు పెద్ద లాభం. స్తంభనకు కావాల్సిన నరాలు, రక్తనాళాలు ఈ తోలులో లేవు, పిల్లలు పుట్టడానికీ దీనికీ సంబంధం లేదు. తోలు మరీ ఎక్కువ తీసేస్తే మాత్రం అంగం గట్టిపడినప్పుడు లాగినట్టు ఉంటుంది. అది చేసే చేతిని బట్టి ఉంటుంది. అందుకే ఏ మెషీన్ ఉందన్నదానికంటే ఇలాంటివి తరచూ చేసే సర్జన్ ఎవరన్నది కనుక్కోండి.

ఇక పెళ్లి తేదీ లెక్క. ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు కలయిక, హస్తప్రయోగం రెండూ వద్దు. లోపలి కుట్టు గట్టిపడటానికి ఆ ఆరు వారాలు పూర్తిగా ఇస్తే మంచిది. మీకు పది వారాలున్నాయి. షుగర్ పరీక్ష, సర్జన్‌ని కలవడం ఈ వారమే పెట్టుకుని, వచ్చే వారం పది రోజుల్లో ఆపరేషన్ అయిపోతే సరిపోతుంది. షుగర్ బాగా ఎక్కువ అని తేలితే, ముందు దాన్ని అదుపులోకి తేవాలి, అప్పుడు పెళ్లి తర్వాతకు జరపడమే నయం. సగం మానిన పుండుతో పెళ్లిపీటల మీద కూర్చోవద్దు. తేదీ దగ్గరికి వచ్చేసిందని మూడు వారాల ముందు చేయించుకుని, మొదటి రాత్రి కుట్లు తెగి వచ్చినవాళ్లను చూశాను. ఆ బాధ ఇద్దరిదీ. పెళ్లినాటికి పూర్తిగా మానకపోతే ఆ అమ్మాయికి ముందే చెప్పేయండి. చర్మం సమస్యకు చిన్న ఆపరేషన్ అయింది, ఇంకో మూడు వారాలు ఆగాలి అంటే చాలు. చెప్పకుండా తప్పించుకుంటే ఆమె తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది.

ఇంట్లోవాళ్లు మతం సంగతి ఎత్తుతారని భయపడ్డారు. అమ్మకు ఇలా చెప్పండి: తోలుకు జబ్బు చేసింది, మూత్రం సరిగ్గా పోవట్లేదు, డాక్టర్ తీసేయాలన్నాడు. ముస్లింలకు చిన్నతనంలోనే సున్తీ అయిపోతుంది కాబట్టి పెద్దవయసులో ఈ జబ్బుతో ఆపరేషన్ బల్ల మీదికి వచ్చేవాళ్లు ఎక్కువగా హిందువులూ, క్రైస్తవులే. ఈ మాట విన్నాక చాలామంది తల్లులు శాంతించడం చూశాను. నాన్నగారికి మాత్రం పూర్తిగా చెప్పండి, షుగర్ ఉంది కాబట్టి ఆయన కూడా ఒకసారి చూపించుకోవాల్సి రావచ్చు.

డబ్బు విషయం. సర్కారు దవాఖానలో ఇది మామూలుగా జరిగే ఆపరేషనే. వరంగల్ ఎంజీఎంలో సర్జరీ ఓపీకి పొద్దున్నే వెళ్లి చూపించుకోవచ్చు. క్యూ ఉంటుంది, తేదీకి కొన్నాళ్లు ఆగాల్సి రావచ్చు, మీ పెళ్లి లెక్కలో అది చూసుకోండి. ప్రైవేట్ అయితే మత్తు, మందులు, బయాప్సీ (తీసిన తోలును ల్యాబ్‌లో పరీక్షించడం) అన్నీ కలిపి ఎంతో రాసిమ్మని ముందే అడగండి. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటే ఒక మెలిక ఉంది: చాలా పాలసీల్లో సున్తీకి డబ్బులు రావు, జబ్బు వల్ల తప్పనిసరైతే తప్ప. కాబట్టి డాక్టర్ కాగితం మీద ఫైమోసిస్ అనీ, దాని కారణమూ, మూత్రానికి అడ్డమూ స్పష్టంగా రాసి ఉండాలి.

ఆపరేషన్ తర్వాత మొదటి మూడు రోజులు వాపు పెరుగుతుంది. అడుగు భాగంలో ఆ వాపు కొన్ని వారాలు ఉండిపోవచ్చు, చూడ్డానికి బాగుండదు, తగ్గుతుంది. అంగాన్ని పొట్ట వైపు పైకి ఆనించి, బిగుతైన డ్రాయర్ వేసుకోండి. కిందికి వేలాడితే వాపు ఎక్కువవుతుంది. ఇంట్లో లుంగీ కట్టుకున్నా లోపల అది ఉండాలి. కట్టు ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. రెండు రోజుల తర్వాత స్నానం చేయొచ్చు, సబ్బు రుద్దకుండా నీళ్లు పోసుకుని మెత్తటి బట్టతో అద్దుకోవాలి. తెల్లవారుజామున అంగం దానంతట అదే గట్టిపడుతుంది, మొదటి వారం నిజంగా నొప్పి పెట్టేది అదే. పడుకునే ముందు మూత్రం పోసి, మోకాళ్లు ముడిచి పక్కకు తిరిగి పడుకోండి. మెలకువ వస్తే లేచి నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది. గుండు మీద పసుపు రంగు పొర కడితే చీము అని భయపడకండి, మానేటప్పుడు అలాగే ఉంటుంది. గోకవద్దు. కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి మూడు నాలుగు రోజుల్లో పనిలోకి పోవచ్చు, బైక్ మాత్రం వారం పది రోజులు వద్దు. పొలం పని, సింగరేణిలో గని పని చేసేవాళ్లకు రెండు వారాల సెలవు రాస్తాను. ఎండాకాలంలో చేయకూడదన్న నమ్మకం మన దగ్గర ఉంది. చెమట వల్ల చిరాకు ఎక్కువే, అయినా శుభ్రంగా ఉంచుకుంటే మే నెలలోనూ మానుతుంది.

కట్టు తడిసి రక్తం కారుతూనే ఉన్నా, నల్లగా వాపు గబగబా పెరిగినా, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోయినా, జ్వరంతో చీము వచ్చినా ఆ రాత్రే దవాఖానకు వెళ్లండి. ఫోన్‌లో ఫొటో పంపి ఆగొద్దు.

ఆపరేషన్ జరిగేదాకా ఒక జాగ్రత్త. ఎవరో చెప్పారని తోలును బలవంతంగా వెనక్కి లాగొద్దు. ఒక్కోసారి వెనక్కి వచ్చి అక్కడే ఇరుక్కుపోతుంది, ముందుకు రాదు. వలయం బిగిసి గుండు ఉబ్బిపోతుంది, పారాఫైమోసిస్ అంటారు. అలా జరిగితే ఉబ్బిన భాగాన్ని పిడికిట్లో పట్టి ఐదు పది నిమిషాలు నిలకడగా నొక్కి వాపు దించి, తర్వాత తోలును ముందుకు తీసుకురావాలి. రాకపోతే తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి వెళ్లాలి. ఇంట్లో పెద్దవాళ్లకు మూత్రం గొట్టం పెట్టినప్పుడు కూడా ఇది జరుగుతుంది. గొట్టం పెట్టినవాళ్లు తోలును తిరిగి ముందుకు తేవడం మర్చిపోతారు. మీ ఇంట్లో ఎవరికైనా గొట్టం పెడితే అది ఒకసారి చూడండి.

భూపాలపల్లి, ములుగు వైపు నుంచి అరవై దాటిన రైతులు వస్తుంటారు. తోలు మూసుకుపోయి ఏళ్లయింది, ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు దుర్వాసన, రక్తంతో కలిసిన చీము, తోలు కింద చేతికి తగిలే గడ్డ. తోలు తెరిచి చూస్తే లోపల క్యాన్సర్ పెరిగి ఉంటుంది. మూసుకున్న తోలు, శుభ్రత లేకపోవడం, బీడీ సిగరెట్, హెచ్‌పీవీ వైరస్ ఇవన్నీ దానికి తోడవుతాయి. మొదట్లో వస్తే అంగాన్ని కాపాడగలం. మీ ఇంట్లో, వాడలో ఇలాంటి పెద్దాయన ఉంటే దయచేసి తీసుకురండి. వాళ్లు తమంతట తాము రారు.

మీకు ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: తీసిన తోలును బయాప్సీకి పంపించండి. కొన్నిచోట్ల అలాగే పారేస్తారు. ఆపరేషన్‌కు ముందే అడిగి, పంపుతామన్న మాట తీసుకోండి. రిపోర్టు వారం పది రోజుల్లో వస్తుంది. అందులో లైకెన్ స్క్లెరోసస్ అని ఉంటే ఆ కాగితం దాచుకోండి, మానిన తర్వాత కూడా ఏడాదికోసారి చూపించుకోండి. మధ్యలో మూత్ర ధార సన్నబడినా, రెండు పాయలుగా చీలినా, గుండు మీద కొత్తగా తెల్లమచ్చ కనపడినా ఏడాది దాకా ఆగకుండా అప్పుడే రండి.